షానన్ మూతి దగ్గర కిల్లలూ

శుక్రవారం

ఐర్లండ్‌లో లాక్ డర్గ్ అనే సరస్సులు రెండున్నాయి. ఉత్తరాన డొనెగాల్‌లో ఉన్నది ఉపవాసాలుండి పాపపరిహారం చేసుకునే యాత్రాస్థలం. మేం వెళ్లింది అక్కడికి కాదు, షానన్ నది మీద ఉన్న లాక్ డర్గ్‌కి. మ్యాపులో వెతికేవాళ్లు కౌంటీ పేరు కూడా చూసుకోవడం మంచిది. 360 కిలోమీటర్ల షానన్ ఈ దేశంలో అన్నిటికంటే పొడవైన నది. లిమరిక్ నగరానికి చేరబోయే ముందు క్లేర్, టిప్పరరీ, గాల్వే కౌంటీల మధ్య దాదాపు 40 కిలోమీటర్ల మేర సరస్సుగా పరచుకుంటుంది. అది మళ్లీ నదిగా సన్నబడే మూతి దగ్గర పడమటి గట్టున కిల్లలూ, తూర్పు గట్టున బాలినా. పేర్లు రెండు, కౌంటీలు రెండు, ఊరు మాత్రం ఒక్కటే అన్నట్టుంటుంది వాలకం.

జూన్ మొదటి సోమవారం ఇక్కడ సెలవు. మావారు, బాబు, నేను, ఇంటి నుంచి వేసవికని వచ్చిన నాన్న కలిసి డబ్లిన్‌లో మధ్యాహ్నం బయలుదేరాం. ఎం7 రహదారి మీద రెండు గంటలు వెళ్లాక బర్డ్‌హిల్ దగ్గర మళ్లితే మరి కాసేపట్లో సరస్సు కనిపిస్తుంది. నాన్న నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఏ ఊరికి తీసుకెళ్లినా కోట ఎక్కడుందో అడగరు, తూము ఎక్కడుందో అడుగుతారు. కిల్లలూను ఎంచుకున్నది ఆయన కోసమే. బయటికి మాత్రం బాబు ఈత కోసమని చెప్పాను.

బాలినా వైపు బస దొరికింది. సామాన్లు పడేసి వంతెన మీదికి వెళ్లాం. 13 కమానుల రాతి వంతెన, బాగా ఇరుకు. ఎదురెదురుగా రెండు కార్లు పోలేవు. ఈ ఇరుకు వల్లే 2025లో ఊరికి దిగువన పాతకాలపు రాజు బ్రయన్ బోరు పేరుతో కొత్త వంతెన తెరిచారు. పాత వంతెనను మాత్రం నడిచే దాటాలి. ఎగువన పడవలు కట్టేసిన రేవు, దాని వెనక కొండలు, ఎదురుగా చర్చి గోపురం అన్నీ ఒకేసారి కళ్లబడతాయి.

వంతెన గోడకు ఒక స్మారక ఫలకం ఉంది. 1920 నవంబరు 16 రాత్రి, స్వాతంత్ర్య యుద్ధం నడుస్తుండగా, పోలీసులకు సాయంగా దింపిన బ్రిటిష్ ఆగ్జిలరీ దళం నలుగురిని ఇక్కడ కాల్చి చంపింది. ముగ్గురు ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ యువకులు, నాలుగో మనిషి వాళ్లు తలదాచుకున్న ఇంటి కాపలాదారు. సరస్సు ఉత్తర భాగంలో పట్టుకుని, పడవలో ఇక్కడికి తెచ్చారు. పారిపోబోతుంటే కాల్చామని దళం చెప్పింది. మన పత్రికలు చదివి పెరిగినవాళ్లకు ఆ వాక్యం కొత్త కాదు. నాన్న ఫలకం రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కింద ప్రవాహం వైపు చూశారు.

"ఇక్కడ ఒకప్పుడు నీళ్లు ఇంత నెమ్మదిగా ఉండి ఉండవమ్మా," అన్నారు కాసేపటికి. నిజమే. ఆ కారణం కోసం సోమవారం దాకా ఆగాల్సి వచ్చింది.

శనివారం

ఉదయం తొమ్మిదింటికల్లా సెయింట్ ఫ్లానన్ కథీడ్రల్‌కి చేరాం. ఇక్కడ మఠం పెట్టింది 6వ శతాబ్దపు సన్యాసి లువా. ఊరికి ఆయన పేరే వచ్చింది. ఆయన తర్వాతివాడైన ఫ్లానన్ పేరు చర్చికి దక్కింది. ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడాన్ని థామండ్ రాజు డొనాల్ మోర్ ఓబ్రయన్ 12వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టాడు. 1185లో పడమటి రాజ్యమైన కానాట్ సైన్యం ఇక్కడి పాత చర్చిని తగలబెట్టిన తర్వాత మాట ఇది. బయటి నుంచి చూస్తే బూడిదరంగు రాయి, చతురస్రపు గోపురం, పెద్దగా ఆకర్షణ లేదు. అసలు సరుకంతా లోపల ఉంది.

లోపలికి వెళ్లగానే కుడివైపు గోడలో ఇమిడిపోయిన పాత ద్వారబంధం ఒకటుంది. అది ఇప్పుడెటూ తెరుచుకోదు. వరసలు వరసలుగా వంపులు తిరిగిన కమాను, దాని మీద రంపపుపళ్ల చెక్కడం, ఒకదాని తోక ఒకటి నోట కరుచుకున్న జంతువులు, తీగెలు. 12వ శతాబ్దపు పని. 1119లో చనిపోయిన ఓబ్రయన్ వంశపు రాజు ముర్టాహ్ సమాధికి ఇది తలుపని చెబుతారు. దానికి దగ్గర్లోనే పెద్ద రాతి శిలువ ఉంది. దాని సొంత ఊరు క్లేర్ ఉత్తరాన ఉన్న కిల్‌ఫెనోరా, 1821లో అప్పటి బిషప్ ఇక్కడికి తెప్పించాడు. ఆ ఊరివాళ్లు ఏమనుకున్నారో!

నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం మోకాలి ఎత్తు కూడా లేని ఒక విరిగిన రాయి దగ్గర. సుమారు క్రీ.శ. 1000 నాటి శిలువ ముక్క. ఒక ముఖం మీద వైకింగుల రూనిక్ లిపి, నిలువు గీతలు, పక్కకు వాలిన కొమ్మలు. అంచున ఐర్లండ్ పాత లిపి ఓగమ్, వట్టి గాట్లు. థోర్‌గ్రిమ్ ఈ శిలువను నిలిపాడని ఒక లిపి చెబుతుంది. థోర్‌గ్రిమ్‌కు ఆశీస్సులని రెండోది పలుకుతుంది. ఈ రెండు లిపులూ ఒకే రాతి మీద ఉన్న శాసనం ఐర్లండ్‌లో ఇంకెక్కడా కనబడలేదు. 1916లో గానీ ఎవరూ దీన్ని గుర్తించలేదు, అప్పటిదాకా అది గోడలో ఒక రాయి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఈ ఊరు బ్రయన్ బోరుది. సుమారు 941లో ఈ చుట్టుపక్కలే పుట్టాడు. 978లో దక్షిణాన ఉన్న మన్‌స్టర్‌కు, 1002లో మొత్తం ఐర్లండ్‌కు రాజయ్యాడు. 1014 ఏప్రిల్ 23, గుడ్ ఫ్రైడే నాడు, క్లోన్‌టార్ఫ్ యుద్ధంలో చనిపోయాడు. బడిపిల్లలకు ఆయన కథ వైకింగులను తరిమిన వీరుడిగా వినిపిస్తుంది. కానీ ఆయన కూతురిని ఇచ్చింది డబ్లిన్ వైకింగు రాజు సిట్రిక్‌కు. క్లోన్‌టార్ఫ్‌లో నార్స్ సైనికులు రెండు పక్షాలకూ పోరాడారు. ఆయన సొంతూళ్లోనే థోర్‌గ్రిమ్ అనే నార్స్ పేరున్న మనిషి శిలువ నిలిపి, స్థానిక లిపిలో దీవెన అందుకున్నాడు. రాజుల వంశవృక్షాలకంటే నేను ఈ అడుగు రాయినే నమ్ముతాను.

కథీడ్రల్ బయట గడ్డిలో ఫ్లానన్ పేరిట చిన్న ప్రార్థనామందిరం ఉంది. నిట్టనిలువు రాతి కప్పు, లోపల గుండ్రటి వంపు. పడిపోకుండా తొమ్మిది వందల ఏళ్లు ఎలా నిలిచిందో నాన్న మావారికి వివరిస్తుంటే, బాబు దాని చుట్టూ పరుగులు తీశాడు.

అక్కడి నుంచి ప్రధాన వీధి కొండ ఎక్కినట్టే ఉంటుంది. ఆయాసం తీర్చుకోవడానికన్నట్టు దారిపొడవునా కాఫీ కొట్లు. పైన కేథలిక్ చర్చి. బ్రయన్ బోరు రాజభవనం కింకోరా ఇక్కడే ఉండేదని అంటారు. దాని ఆనవాలు ఒక్క రాయి కూడా మిగల్లేదు. చర్చి ఆవరణలో మాత్రం గడ్డి మధ్య చిన్న రాతి గుడి కనిపిస్తుంది, రెండే గదులు, లోగదికి రాతి కప్పు. సెయింట్ లువా మందిరం. అది పుట్టింది ఈ కొండ మీద కాదు, కిల్లలూకు దిగువన నది మధ్య ఉన్న ఫ్రయర్స్ ద్వీపంలో. 1929లో జలవిద్యుత్ పథకం కోసం నీటిమట్టం పెంచినప్పుడు ఆ ద్వీపం మునిగిపోయింది. ముందే గుడిని విప్పి, రాళ్లు పైకి మోసి, ఇక్కడ మళ్లీ పేర్చారు.

నాన్న గోడ మీద చెయ్యి వేసి కీళ్లు వెతికారు.

"అలంపురంలో చూసినట్టే ఉంది కదమ్మా."

శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కృష్ణా, తుంగభద్రల కూడలిలోని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. అప్పట్లో నాన్న ఉద్యోగం ఆ ప్రాంతంలోనే. రాళ్లకు అంకెలు వేసి లారీలకెత్తడం చూశానని చిన్నప్పుడు మాకు చెబుతుండేవారు. అంతకుముందు నాగార్జునకొండ కట్టడాలకూ అదే గతి పట్టింది. ఆ పనిలో తప్పేమీ లేదని, రాయి ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతుందని ఆయన ఎప్పుడూ అనేవారు. ఇక్కడ మాత్రం ఇంకో మాటన్నారు:

"గుడి వచ్చింది గానీ సంగమేశ్వరుడికి సంగమం దూరమైంది. ఈయనకీ అంతే."

మధ్యాహ్నం ఉత్తరంగా స్కారిఫ్ రోడ్డు పట్టాం. ఊరు దాటిన కాసేపటికి ఎడమవైపు సూచిక లేదు, కుడివైపు చెట్లలోకి కాలిబాట. బేల్ బోరు అనే గుండ్రటి మట్టికోట అక్కడే. ఎత్తైన గట్టు, లోతైన కందకం, గట్టు మీద బీచ్ చెట్లు. 1961లో తవ్వి చూస్తే కోట కంటే పాతదైన ఇంటి ఆనవాళ్లు, 11వ శతాబ్దపు నాణేలు బయటపడ్డాయి. సరస్సు నదిగా మారే ఈ సన్నని చోట కూర్చున్నవాడికి రాకపోకల మీద పన్ను, దాడి చేయడానికి పడవలు, పారిపోవడానికి దారి, మూడూ చేతిలో ఉన్నట్టే. చర్చిలో కంటే ఇక్కడే బ్రయన్ బోరు ఎక్కువ అర్థమవుతాడు.

ఇంకాస్త ముందుకు వెళ్తే టూమైల్‌గేట్ ఉద్యానవనం. గులకరాళ్ల ఒడ్డు, పచ్చిక, పిల్లల ఆటస్థలం, లిమరిక్ విశ్వవిద్యాలయం నడిపే జలక్రీడల కేంద్రం. పైనున్న అడవి బాటలు 532 మీటర్ల మోయ్‌లుస్సా దాకా పోతాయి, క్లేర్‌లో అదే ఎత్తైన శిఖరం. మేం ఎక్కలేదు. బాబు రబ్బరు దుస్తులు వేసుకుని నీళ్లలోకి దిగాడు, మావారు మోకాళ్ల దాకా దిగి, ఇక చాలన్నారు. జూన్‌లో కూడా ఈ నీళ్లు ఎముకలు కొరుకుతాయి. ఐరిష్ ముసలమ్మలు మాత్రం మామూలు ఈత దుస్తుల్లో, కబుర్లు ఆపకుండా, తీరిగ్గా ఈదుతున్నారు.

ఆదివారం

కిల్లలూ పక్కనే నదికి సమాంతరంగా పాత కాలువ ఉంది. ఒకప్పుడు ఇక్కడి రాళ్ల మీద నీళ్లు సుడులు తిరిగేవి, పడవలు దాటడానికి కాలువ తవ్వారు. 19వ శతాబ్దంలో షానన్ మీద ఆవిరి పడవలు నడిపిన కంపెనీకి ఈ ఊరే కేంద్రం. కాలువకూ నదికీ మధ్య సన్నటి నేల మీద ఆదివారాలు రైతుబజారు పెడతారు. సోడా రొట్టె, మేక జున్ను, ఆకుకూరలు, తేనె. నాన్న రుబార్బ్ కాడ కొరికి చూసి, గోంగూర లాగా పుల్లగా ఉందన్నారు. ఇక్కడి తెలుగువాళ్లం చాలాకాలంగా దాంతో పచ్చడి చేస్తూనే ఉన్నామని చెబితే, అంతదూరం వచ్చి అదా తినేదని నవ్వి, రెండు కట్టలు కొన్నారు.

పదకొండింటికి మౌంట్‌షానన్ బయలుదేరాం. అరగంటలోపు ప్రయాణం. హోలీ ఐలండ్ అని పిలిచే ఇనిష్ కెల్‌ట్రాకు పడవ అక్కడి రేవు నుంచే. గాలి ఎక్కువైతే పడవ వెయ్యరు కనుక ముందుగా ఫోను చేసుకుని వెళ్లాలి.

7వ శతాబ్దంలో కేమిన్ అనే సన్యాసి ఈ ద్వీపంలో మఠం పెట్టాడు. వైకింగులు దోచారు. తర్వాత బ్రయన్ బోరు అన్న మార్కన్ మఠాధిపతి అయ్యాడు. దేశాన్ని పట్టడానికి కత్తి ఒక్కటీ చాలదని ఆ కుటుంబానికి తెలుసు. కప్పు లేని గుండ్రటి గోపురం 24 మీటర్ల దాకా లేచి ఉంది, ద్వారం మనిషికి అందనంత ఎత్తులో. చుట్టూ చిన్న చిన్న చర్చిల శిథిలాలు. సన్యాసుల శ్మశానంలో పేర్లు చెక్కిన పలకలు పచ్చిక మట్టానికి పడుకుని ఉన్నాయి. ఒకదాని మీద పదిమంది సమాధి అని మాత్రమే ఉందట. ఆ పదిమంది ఎవరో, ఒకేసారి ఎలా పోయారో ఆ రాయి చెప్పదు.

ద్వీపం ఇంకా శ్మశానంగా వాడుకలోనే ఉంది. ఈ ప్రాంతంలో పుట్టి, లండన్‌లో జీవించిన ప్రసిద్ధ రచయిత్రి ఎడ్నా ఓబ్రయన్‌ను 2024 ఆగస్టులో ఆమె కోరిక ప్రకారం పడవలో తెచ్చి ఇక్కడే పూడ్చారు. ఆమె తొలి నవలలను ఒకప్పుడు ఇదే దేశం నిషేధించింది. పడవ నడిపే ఆయన ఆ రోజు గురించి గర్వంగా చెప్పాడు గానీ నిషేధం ఊసెత్తలేదు. బేరం రాయి అనే దాని దగ్గరికి మాత్రం ఉత్సాహంగా తీసుకెళ్లాడు. రాయి కింద సందులో రెండువైపుల నుంచి చేతులు కలిపితే మాట ఖాయమైనట్టు. బాబు తాతయ్యతో సైకిలు బేరం అక్కడే కుదుర్చుకున్నాడు.

రేవు దగ్గర గద్దల బోర్డు చదవండి. తెల్లతోక గద్ద రెక్కలు విప్పితే రెండు మీటర్ల పైమాటే. ఐర్లండ్‌లో వంద ఏళ్ల కిందటే అంతరించింది. 2007 నుంచి 2011 దాకా నార్వే నుంచి వంద పిల్లలను తెచ్చి కిలార్నీ అడవుల్లో వదిలారు. వాటిలో ఒక జంట ఇక్కడి దాకా వచ్చి గూడు కట్టి, 2013లో రెండు పిల్లలను ఎగరనేర్పింది. శతాబ్దం తర్వాత ఐర్లండ్‌లో పుట్టి ఎగిరిన తొలి గద్దలు అవే. మాకు కనిపించింది రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకి. బాబు మాత్రం గద్దేనని ఇప్పటికీ వాదిస్తాడు.

రాత్రి బాలినాలో ఒక పబ్బులో వాద్యగోష్ఠి. తూర్పు క్లేర్ ఫిడేలు బాణీ నిదానంగా, కాస్త దిగులుగా ఉంటుంది. 1946 నుంచి ఉన్న తుల్లా కేలీ బృందం ఈ పక్క ఊరిదే. వేదికా లేదు, మైకూ లేదు. మూలబల్ల చుట్టూ నలుగురు, ఒకరి చేతిలో కాన్సర్టీనా అనే చిన్న తిత్తి వాద్యం. వాయిస్తూ మధ్యలో టీ తాగుతున్నారు. పది దాకా బయట వెలుతురే.

సోమవారం

నాన్న ఏడింటికే తయారు. టిప్పరరీ వైపు అర్రా కొండల్లో టౌన్‌టినా దారి పట్టి ముందు సరస్సును పైనుంచి చూశాం. దారిపక్కన లెన్‌స్టర్ (తూర్పు రాజ్యం) వాళ్ల సమాధులనే రాళ్ల గుంపు ఉంది. బ్రయన్ బోరు కాలంలో మాటువేసి చంపిన సైనికులవని కథ, నిజానికి అంతకు వేల ఏళ్ల ముందువని పురావస్తు శాఖ అభిప్రాయం. కింద పోర్ట్‌రో పలకరాయి గనులు. ఈ చుట్టుపక్కల ఇళ్ల కప్పులన్నిటికీ పలకలు అక్కడివే. ఎండ వచ్చి, సరస్సు దీవులతో సహా విప్పి పరిచినట్టు కనిపించింది. మావారు ఫొటోలు తీస్తున్నారు. నాన్న టైము చూసుకుంటున్నారు.

కిల్లలూకు దిగువన పార్టీన్ ఆనకట్ట దగ్గర ఆయన ముఖం వెలిగింది. అక్కడ నది రెండవుతుంది. ఒకటి గేట్ల కిందుగా పాత పాయలోకి, రెండోది 12.6 కిలోమీటర్ల ఎగువ కాలువలోకి. కాలువ చివర ఆర్డ్‌నాక్రషా విద్యుత్ కేంద్రం. ఇక్కడే ఎందుకు కట్టారో లెక్క సులభం: ఉత్తరాన లాక్ అలెన్ నుంచి కిల్లలూ దాకా అంత దూరం నడిచినా షానన్ దిగేది 20 మీటర్లలోపే. కిల్లలూ దాటాక పాతిక కిలోమీటర్లలో 30 మీటర్లు దిగుతుంది. ఆ దిగుడునంతా కాలువతో ఒక్కచోటికి చేర్చి, 28.5 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్ల మీదికి వదిలారు. ఊరి పక్క సుడులు, ఫ్రయర్స్ ద్వీపం, లువా గుడి పాదాల కింది నేల అన్నీ ఆ లెక్కలో మునిగాయి. శుక్రవారం వంతెన కింద నీళ్లు నిదానంగా ఉండటానికి కారణమూ అదే.

స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్లయినా కాని దేశం, 1925లో, జర్మనీ కంపెనీ సీమెన్స్‌తో పని మొదలుపెట్టింది. ఖర్చు 52 లక్షల పౌండ్లు, ప్రభుత్వ వార్షికాదాయంలో రమారమి అయిదో వంతు. వేల మంది పనిచేశారు. వసతి దొరకని కూలీలు పశువుల కొట్టాల్లో పడుకున్నారు. 1929 జులై 22న ప్రారంభించారు. కొన్నేళ్లపాటు దేశంలో వెలిగే దీపాల్లో సింహభాగం దీనివే. ఇప్పుడది మొత్తం ఉత్పత్తిలో చిన్న ముక్క.

"పాత నదికి ఎంత వదులుతారు?" అని నాన్న అడిగారు. ఫోనులో చూసి చెప్పాను: చట్టప్రకారం సెకనుకు 10 ఘనపు మీటర్లు. మనసులోనే లెక్కకట్టి, "353 క్యూసెక్కులు" అని మూతి విరిచారు. ఆనకట్ట దిగువనున్న కాసిల్‌కానెల్ ఒకప్పుడు సాల్మన్ వేటకు యూరప్ అంతటా పేరుపొందింది. డ్యాము వచ్చాక చేప పలచబడింది. 1959లో చేపలకు లిఫ్టు పెట్టినా పాత రోజులు తిరిగి రాలేదు.

"మీ వాళ్లు మాత్రం అన్ని డ్యాములకూ చేపలెక్కే మెట్లు కట్టారా నాన్నా?" అన్నాను.

"కట్టలేదు," అన్నారు. "మమ్మల్ని చేపల గురించి అడిగినవాళ్లూ లేరు. ఇక్కడ అడిగారు, అయినా ఇంతే చేశారు."

ఆర్డ్‌నాక్రషా దగ్గర గేటు మూసి ఉంది, సెలవు. కాలువ మీది వంతెన నుంచి కేంద్రం భవనం, టర్బైన్లకు నీళ్లు దించే నాలుగు పెన్‌స్టాకు గొట్టాలు, పడవలను 30 మీటర్లు కిందికి దించే లాకు కనిపించాయి. లోపలికి తీసుకెళ్లి చూపించే రోజులు వేసవిలో కొన్ని ఉంటాయి, ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. నాన్న ఆ తేదీలు వెతకమన్నారు. ఆయన వీసా ఆగస్టు మొదటివారం దాకా ఉంది. ఈసారి బాబు ఈత సంగతి సాకుగా చెప్పాల్సిన పని కూడా లేదు.